టీ కప్పు

లనెల్లిలో రేకుల ఫ్యాక్టరీ మూతబడ్డాక
దాని జీతాల గదిని మేం అద్దెకు తీసుకున్నాం.
ఎనభై నాలుగు, నవంబరు. నలుగురం, ఒక్క హీటరు.
హీటరు వేస్తే ఫ్యూజు భయానికి సోల్డరింగ్ ఇనుము ఆపాలి,
ఇనుము వేడెక్కితే వేళ్ళు కొయ్యబారతాయి.
ఏదో ఒకటే.
మా చదువంతా అక్కడే మొదలైంది.

యంత్రం పేరు హెబోగ్. వెల్ష్‌లో డేగ అని.
దాని బుద్ధికి ముప్ఫై రెండు కిలోబైట్ల చిప్పు,
ఒకసారి పోత పోశాక చెరగదు, మారదు.
దుప్పటి అంతే.
కాళ్ళు ఎవరివైనా ముడుచుకోవాల్సిందే.

తప్పులకు మాటలు రాసే చోటు లేక అంకెలిచ్చాం.
పదిహేడో నంబరు తప్పంటే ఏమిటో
అప్పట్లో మాకు నలుగురికే తెలుసు.
ఇప్పుడు నేనూ మర్చిపోయాను.

నేను గోడలు అడిగాను.
ఒక ప్రోగ్రాము ఇంకోదాని గదిలో కాలు పెట్టకుండా
కాపలా కాసే ఇంకో చిప్పు. పద్నాలుగు పౌండ్లు.
నూట తొంభై తొమ్మిది దాటితే
క్రిస్మస్‌కి ఎవడూ కొనడన్నాడు పెన్రీ.
నవ్వను కూడా నవ్వలేదు.

"గోడ లేకపోతే నయమే," అంది ఎలునెడ్.
"గదికో నకలు రాసి మోయక్కర్లేదు.
అదిగో, ఆ బల్ల మీదుందని వేలు చూపిస్తే చాలు."
నిజమే. వేలు చూపడం ఎంత వేగం!
బొమ్మ కదులుతుండగా పాట,
పాట మోగుతుండగా ప్రింటరు గరగర.
మాకు పదింతలు డబ్బున్న కంపెనీల యంత్రాలు
ఒక పని ముగిసేదాకా చేతులు కట్టుకు నిలబడేవి.
మావాటిలో నాలుగు పనులు
ఒకే గదిలో భుజాలు రాసుకుంటూ తిరిగేవి.

వేలు తప్పుచోటికి చూపిస్తేనో?
ఒకరి పొయ్యి నిప్పు అందరి కొంపకూ.
అందుకే గుమ్మంలో చిన్న తనిఖీ రాసి పెట్టాను:
చూపిన చోట ఏదైనా ఉందా, వట్టి సున్నానా?
ముప్ఫై రెండు బైట్లు.
వారం రోజులు చెక్కి చెక్కి అంతకు దించాను.

జనవరి ఆఖరు రాత్రి లిస్టింగు తిరగేస్తే
నా తనిఖీ లేదు.
ఆ చోట నాలుగు అక్షరాల బొమ్మలు కూర్చున్నాయి,
ఒక్కోటీ ఎనిమిది బైట్లు.
డబ్ల్యూ మీద తలకట్టు, వై మీద తలకట్టు,
పెద్దవి రెండు, చిన్నవి రెండు.

"ఇవెవరికి?" అరిచాను.
నేను రెడింగ్ నుంచి వచ్చినవాణ్ణి.
"తలకట్టు లేకపోతే చదువుకోలేరా?"
ఎలునెడ్ మగ్గు కింద పెట్టింది.
"నీ యంత్రంలో ఇల్లు అని రాయలేను," అంది.
వాళ్ళకి ఇల్లంటే టీ.
ఆ వై మీది తలకట్టు పేరు చిన్న కప్పట.
"గోడలకు డబ్బు లేదన్నారు.
కప్పయినా ఉండనీ."

ఫిబ్రవరంతా ఆమెతో మాట్లాడలేదు.
మార్చిలో చిప్పులు దిగాయి, ఆరు వేలు.

జూన్‌లో కార్మార్థెన్ నుంచి కవరు.
పదేళ్ళ నెస్టా, వాళ్ళ మామ్మ చెప్పిన వరద కథ
టైపు చేస్తుంటే పదకొండో పేజీలో తెర నల్లబడిందట.
ఏ ప్రోగ్రాము వేలో సున్నా వైపు చూపింది.
నా ముప్ఫై రెండు బైట్లుంటే ఆగేదే.
"మళ్ళీ మొదటినుంచి కొట్టాను," అని రాసింది,
"ఈసారి పేజీ పేజీకీ టేపులో దాచుకుంటూ.
మీ యంత్రం మంచిది కాదు.
కానీ బళ్ళో పాతదాంట్లో నీళ్ళు అని రాయడం రాదు."

అచ్చు కాగితాలు జతచేసింది.
పెన్సిలుతో లెక్కపెట్టాను:
నూట ఆరు కప్పులు, వరదలో ఒక్కటీ కొట్టుకుపోకుండా.

నాది తప్పని ఒప్పుకోను.
ఆమెది తప్పని అనలేను.
కాగితాలు మడిచి ఎలునెడ్ బల్ల మీద పెట్టి,
వేలు చూపించి, టీ పెట్టడానికి వెళ్ళాను.
పాలు ముందా, డికాక్షన్ ముందా అని మాత్రం
అడగలేదు.