మూడో గుంపు

జారియాలో, కాలేజీ వెనక రేకుల షెడ్డులో
ఎలుకల్ని చూసుకోవడం నా పని.
మంగళవారం పుట్టాను కనక నా పేరు తలాతు.
వాటికి పేర్లుండవు, తోక మీద సిరా గీతలే.

మొదటి గుంపుకి మంచినీళ్లు.
రెండో గుంపుకి సీసం కలిపిన నీళ్లు.
మూడో గుంపుకి ముందు మునగాకు రసం,
గంట ఆగి సీసం.
నాలుగో గుంపుకి ఉత్త ఆకు రసమే;
అవి కొవ్వెక్కి గిన్నెలు తన్నేస్తుంటాయి.

నలభై రెండో రోజున
డాక్టర్ హబ్సతు రెండు కాలేయాలు
కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టింది.
రెండో గుంపుది మాడిన పాకంలా ఉంది.
మూడోది బాగుందని కాదు,
బాగోలేకపోవడం కాస్త తగ్గింది.
దానికి ఆవిడ నోటుబుక్కులో
ఏదో పెద్ద మాట రాసుకుంది.
నేను చేతులు కడుక్కున్నాను.

ఆ రాత్రి చెల్లెలు లారై ఫోను.
వాళ్ల ఊళ్లో సజ్జలు పట్టే మరలోనే
బంగారం రాళ్లు పడుతున్నారు.
పగలు పిండి, రాత్రి రాయి.
దాని కొడుకు తాంకోకి నాలుగేళ్లు,
నేర్చుకున్న మాటల్ని అప్పు తీర్చినట్టు
ఒక్కొక్కటే తిరిగి ఇచ్చేస్తున్నాడు.
'నీళ్లు' అనే మాట నిన్నటిదాకా ఉంది.

"మీ ఎలుకలకి ఆకు ఎంతిస్తారక్కా?"

లెక్క నాకు కంఠతా వచ్చు, కిలో బరువుకి ఇంతని.
తాంకో పదకొండు కిలోలు. హెచ్చవేశాను.
జవాబు వచ్చింది.
చెప్పలేదు.

ఎలుకలకి ముందు ఆకు, తరవాత సీసం.
వాడికి సీసమే ముందు:
పాలతో వచ్చింది, అంబలితో వచ్చింది,
నాన్న చొక్కా దులిపినప్పుడు వచ్చింది.
పైగా ఇక్కడ సీసం నేను ఆపితే ఆగుతుంది.
అక్కడ మర నా మాట వినదు.

"ముందు ఆస్పత్రికి తీసుకెళ్లు,
నెత్తురు చూస్తారు, మందిస్తారు" అన్నాను.
"ఆకు కూడా పెట్టు. కూర కూరే."
ఆశని మునగచెట్టు ఎక్కించకూడదు,
ఆ కొమ్మ ఎంత పెళుసో నాకు తెలుసు.

"మనకి చెట్టుందిగా!" అంది లారై,
గొంతు ఒక్కసారి తేలికైంది.
"రాళ్లు కడిగే గుంట పక్కనే.
ఈ ఏడు ఎంత గుబురుగా వచ్చిందనుకున్నావ్!"

ఏ నీళ్లు తాగుతోందే అది, అని అడిగాను.
అవతల మర చప్పుడు తప్ప
చాలాసేపు ఏమీ వినపడలేదు.

తెల్లారి షెడ్డు గోడవారనున్న చెట్టు కొమ్మ వంచి
ఆకు దూశాను. మూడుసార్లు కడిగాను.
నీడలో ఆరేశాను, డాక్టరమ్మ అడగలేదు.
గుసావు బస్సు శుక్రవారం.

సంచి మీద అలవాటుకొద్దీ
మూడు గీతలు గీసేశాను.
తరవాత కొట్టేసి,
తాంకో అని రాశాను.