పళ్ళు ఎంచడం

దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచకూడదంటారు.
నేను ఎంచాను.
ఏం చెయ్యను, నా వృత్తే అది.
బల్లారట్‌లో, స్టర్ట్ స్ట్రీట్ వెనక సందులో
పద్దెనిమిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను.

ఈనిడ్ ట్రెవారో
కింది వరస కుదిరిన రోజున
నా ఎదుటే ఆపిల్ కొరికి చూపించి
ఒక బిస్కెట్ల డబ్బా, ఒక ఆల్బమూ బల్ల మీద పెట్టింది.
"మా మెర్విన్ స్టాంపులు. నాకిప్పుడు అంచులు ఆనడం లేదు.
నీకు చిన్న వాటితో ఓపికెక్కువ, ఉంచుకో."

జూలై. కిటికీ మీద మంచు పొర.
హీటరు దగ్గర కాళ్ళు, దీపం కింద చేతులు.
గేజంటే ఎంత, వరసలుగా చుక్కలున్న ఒక రేకు.
రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులో చెబుతుంది.
స్టాంపుని మెల్లగా కిందికి జరుపుతూ పోతే
ఒక్కచోట, ఆ ఒక్కచోటే,
చుక్కలన్నీ చిల్లుల్లోకి వచ్చి సర్దుక్కూచుంటాయి
రైలు కదిలాక జనం సర్దుకున్నట్టు.

అదే ఎరుపు, అదే రాజు, అదే గడ్డం.
ఒకడు చుట్టూ పద్నాలుగు.
ఒకడు అడ్డం పదమూడున్నర, నిలువు పన్నెండున్నర.
వెంట్రుకవాసి తేడాకి వేరే గది, వేరే పేరు.
మెర్విన్ రైల్వే గూడ్సు గుమాస్తా,
ప్రతిదాని కిందా పెన్సిలుతో అంకె వేశాడు.
కొన్నిచోట్ల: "మళ్ళీ కొలిచాను."
ఒకచోట: "మళ్ళీ కొలిచాను, దగ్గు తగ్గాక."

నాలుగో పేజీ చివరి గడిలో
ఒకటుంది.
మూడు వైపులా బాగానే ఉంది.
చింపిన చోట కాగితం పీచు
పసివాడి చెవి మీది నూగులా లేచి ఉంది.
కుడివైపు మాత్రం నున్నగా, సమానంగా,
ప్రతి పన్నూ పక్క పన్నుకి కవల.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి
మొదటి రోజే చెబుతాను:
ఒక పన్ను కాస్త పక్కకి తిప్పరా,
లేకపోతే మనిషి "నమస్తే" అన్నా అబద్ధంలా ఉంటుంది.

గేజు పెట్టాను. ఏ వరసలోనూ కూర్చోలేదు.
కత్తెరతో కోసిన అంచుకి ఎవరో తరవాత పళ్ళు కట్టారు.
కింద మెర్విన్ ఏం అంకె వేశాడా అని చూస్తే
అంకె లేదు.
ఒకటే మాట: "కొలవలేదు."

దగ్గు తగ్గాక మళ్ళీ కొలిచే మనిషి.

పై వరసకి అచ్చు ఇవ్వడానికి ఈనిడ్ వచ్చింది.
కింది పళ్ళు తీసి గిన్నెలో పెట్టుకుంది.
ఆవిడ నోట్లో ట్రే నిండా గులాబి ముద్ద,
గట్టిపడడానికి మూడు నిమిషాలు.
అప్పుడు అడిగాను, నాకూ సమయం సందర్భం తెలీవు:
నాలుగో పేజీ, చివరిది, ఆ కుడి అంచు?

మాట్లాడే వీలు లేదు.
కళ్ళు పెద్దవి చేసింది.
తరవాత కుర్చీ పాదపీట మీద
కుడికాలు పైకీ కిందికీ, పైకీ కిందికీ,
రెండు చేతులతో గాలిలో
ఏదో చిన్న గుడ్డని ముందుకి తోస్తూ.

కుట్టు మిషను.
దారం ఎక్కించని సూది.
ఏ పుట్టినరోజుకో, ఆయన వెతికి వెతికి దొరకని స్టాంపు
కోసిన అంచుతో చౌకగా దొరికితే.

ట్రే తీశాను. ఉమ్మింది. మూతి తుడుచుకుంది.
"కింద ఎంత వేశాడు?
నాకు భయమేసి ఎప్పుడూ చూడలేదు."

చెప్పాను.

గోడ మీద దవడ బొమ్మ వైపు కాసేపు చూసింది.
"దొంగ," అంది, "తెలుసన్నమాట దొంగకి."
ఒక్క పన్నూ లేని నోటితో
చిగుళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

నా నోటుపుస్తకంలో ఆ స్టాంపుకి
నేనూ ఒక అంకె రాసుకున్నాను, ఆ రాత్రి.
రబ్బరు కోసం వెతుకుతూ
ఆవిడకి బిల్లు ఇవ్వడం మరిచిపోయాను.