ఫీల్డ్ విజిట్

మొదటి యూనిట్, మొదటి పేజీ.
ఉండే చోటు వదిలి
ఇరవై నాలుగు గంటలు దాటి, ఏడాది లోపు,
సంపాదన కోసం కాకుండా
ఇంకోచోట ఉండేవాళ్లే పర్యాటకులట.
సుచరిత మేడం బోర్డు మీద రాస్తుంటే
వేళ్ల మీద లెక్కేసుకున్నా.
నెల్లూరు హాస్టల్లో నాకిది నూటపన్నెండో రోజు.
బీబీఏ టూరిజం, ఫస్టియర్, రెండో బెంచీ.
రూపాయి సంపాదన లేదు.
అంటే నేనే.

మాది ఉదయగిరి అంటే
"ఓ, కోట!" అన్నారు అందరూ.
కోట సరే.
కోట కింది వీధిలో మేముంటాం,
అది సిలబస్‌లో లేదు.
మా నాన్న చెంచాలు చెక్కుతాడు.
నర్ది కొయ్య ముందరేసుకుని
గరిటెలు, దువ్వెనలు, ఫోర్కులు.
ఫోర్కుతో తినడం ఆయనకు రాదు.

ఇంట్లో ఆయన్ని అబ్బా అంటాం.
తెలుగులో ఆ మాట దెబ్బ తగిలితే వస్తుంది.
చిన్నప్పుడు బళ్లో ఎవరి వేలు తలుపు సందులో పడ్డా
మా నాన్నని పిలిచినట్టే ఉండేది,
నేనే తిరిగి చూసేదాన్ని.

నవంబర్లో ఫీల్డ్ విజిట్.
వింజమూరు దాటగానే కొండ కనపడింది.
మీ ఇల్లెక్కడే అని చరిష్మ అడిగితే
కోటకి అవతల అన్నా.
ముందురోజే ఫోన్ చేసి చెప్పా:
కాలేజీ వాళ్లొస్తారు, నన్ను పేరు పెట్టి పిలవొద్దు.
ఎందుకన్నానో అప్పుడు తెలుసు.
ఇప్పుడు రాయబోతే చెయ్యి ఆగిపోతోంది.

వర్క్‌షీట్‌లో మూడో ప్రశ్న:
స్థానిక చేతివృత్తిదారుతో ఐదు నిమిషాలు మాట్లాడుము.

బస్సు మా వీధి మొగనే ఆగింది.
అరుగు మీద చాప పరిచి ఉంది.
రంజానుకు కుట్టించిన చొక్కా వేసుకున్నాడు.
"రాండి, రాండి. ఎండనపడి వచ్చినారు."
ఇరవై ఎనిమిది మందిమి,
చాప చాలక సగం మంది నిలబడ్డాం.

రోజుకెన్ని చేస్తారని చరిష్మ.
మీ టార్గెట్ కస్టమర్ ఎవరని హేమంత్.
"కొనేవాళ్లే నాయనా."
అందరూ నవ్వారు. నేనూ నవ్వా, అదొకటి.
లోపల అమ్మ ఉప్పుకాగితం రుద్దే చప్పుడు.
ఒక్కసారి ఆగింది.
మళ్లీ మొదలైంది.
బయటికి మాత్రం రాలేదు.

"మీరేమన్నా అడగతారా అమ్మా?"
నన్నే.
మీరు అన్నాడు.
పద్దెనిమిదేళ్లలో మొదటిసారి.
గొంతు సర్దుకుని
కాగితంలో ఉన్నదే చదివా:
ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?
"మా నాయన దగ్గర."
మీ తర్వాత ఎవరు?
చేతిలోని చెంచా కాడ మీద
సగం చెక్కిన పువ్వు పూర్తిచేసి, పొట్టు ఊది,
"సదువుకుంటా ఉండాది" అన్నాడు.
ఎక్కడో చెప్పలేదు.
నా పక్కన చరిష్మ రాసుకుంది:
వారసులు లేరు.

తలా ఒకటి కొన్నారు.
కొనకపోతే తెలిసిపోద్దని నేనూ కొన్నా.
చెంచా నలభై, నేనిచ్చింది యాభై.
పది తిరిగిచ్చాడు. నోటు కొత్తది.

రాత్రి అకౌంట్స్ హోంవర్కు.
వచ్చినదానికి డెబిట్,
పోయినదానికి క్రెడిట్.
వచ్చింది చెంచా ఒకటి.
పోయింది నలభై రూపాయలు అని రాసి
చాలాసేపు ఆ గీత కిందే కూర్చున్నా.
మెస్సులో పెరుగన్నం దాంతోనే తిన్నా.
నోట్లో ఎక్కడా గీరుకోలేదు.
ఉప్పుకాగితం చప్పుడు గుర్తొచ్చింది.

రికార్డు చివర ఒక గడి ఉంది:
సమాచారం ఇచ్చిన వ్యక్తి పేరు.
షేక్ ఖాదర్ మస్తాన్.
ఆయనతో మీ పరిచయం.
పెన్ను మూత నాలుగుసార్లు తీసి పెట్టి
ఒక్క మాట రాశా:
అబ్బా.

ఇవాళ రికార్డులు తిరిగొచ్చాయి.
ఆ మాట చుట్టూ ఎర్రటి సున్నా,
పక్కన మేడం గుండ్రటి చేతిరాత:
"ఆశ్చర్యం, నొప్పి వగైరాలు రికార్డులో వద్దు."

రేపు స్టాఫ్‌రూముకి పోవాల.
చెంచా తీసుకుపోతా.