పన్నెండో బోల్టు

పరానా నది ఒడ్డున సోయా నూనె మిల్లు.
గేటు దగ్గర చెక్క అరలో
ఫోన్లు, లైటర్లు, చేతి గడియారాలు వదిలేస్తాం.
నెలిదా బ్రకామోంతె చెవిపోగులు కూడా తీసి పెడుతుంది.
రూల్సులో అది లేదంటే
"లోపలికి వెళ్ళేది నేను, రూల్సు కాదు" అంటుంది.

లోపల హెక్సేను.
గింజలో దాక్కున్న ఆఖరి చుక్కని
కడిగి బయటికి లాక్కొచ్చే ద్రవం.
దాని ఆవిరి గాలికన్నా బరువు.
పొగలా కనబడి హెచ్చరించదు,
నేల పట్టుకుని పాకుతుంది,
కేబుల్ గుంటల్లో పిల్లిలా పడుకుంటుంది,
ఏదో ఒక నిప్పురవ్వ
పేరు పెట్టి పిలిచేదాకా.

మేం బిగించడానికి తెచ్చింది ఒక చిన్న తెర.
నాలుగంటే నాలుగు అంకెలు.
తొట్టిలో వేడి ఎంతుందో చెప్పడమే దాని బతుకు.
ఇంట్లో అయితే రెండు మేకులు కొట్టి తగిలించేవాణ్ణి.
ఇక్కడ దానికి ముప్పై కిలోల కోట,
అరంగుళం మందం కిటికీ.

ఎందుకింత బరువని మొదటిరోజే అడిగాను.
ఆవిరి లోపలికి దూరకుండానా?
నవ్వింది.
"దూరుతుంది. అది దూరని చోటు లేదు.
లోపల పేలితే పేలనీ.
మూతకీ అంచుకీ నడుమ వెంట్రుకంత సందు, చూడు.
మంట బయటపడాలంటే
ఈ ఇనుప అంచు వెడల్పంతా నడవాలి.
నడిచి నడిచి చల్లబడి
గడప దాటేసరికి వట్టి ఊపిరి."

మా నాన్న గుర్తొచ్చాడు.
మాంసం ఫ్యాక్టరీలో మాటలు పడి
రైలుకట్ట వెంట గంటసేపు నడిచి
తలుపు తీసేసరికి
ఒక్క నిట్టూర్పుగా మిగిలేవాడు.
ఆ దారి ఎంత పొడవో ఎప్పుడూ అడగలేదు.

నడుముకి కట్టిన గ్యాసు మీటరు
కీచురాయిలా కూస్తూ ఉంది.
అది కూస్తున్నంతసేపూ పని చేయొచ్చు,
అరిస్తే పరిగెత్తాలి.
కేబుల్ మెడకి గ్లాండు బిగించాం.
ఎర్తు వైరు కింద రంగు గీకి
ఇనుము తళుక్కుమనేదాకా రుద్దాం.
బోల్టులు ఒకదాని ఎదురుగా ఒకటి,
చక్రానికి బిగించినట్టు.
పదకొండు కూర్చున్నాయి.
పన్నెండోది తిరుగుతూనే ఉంది,
మర అరిగి.

సుబెల్దియా వచ్చాడు, షిఫ్టు ఇంచార్జి.
"రేవులో ఓడ నిలబడి ఉంది.
పదకొండు చాలవా? ఎవడు లెక్కపెడతాడు?"

"మంట."

అంతే అంది నెలిదా.
పర్మిటు కాగితం మీద
సంతకం దాకా వెళ్ళిన పెన్ను
తీసి జేబులో పెట్టుకుంది.

రొసారియో బస్సెక్కాను.
కొట్టువాడు మెరిసే బోల్టు ఇచ్చాడు,
అదే పొడవు, అదే లావు.
తల మీద అంకె వేరు.
ఇంకో కొట్టు. ఇంకోటి.
నాలుగో కొట్లో ముసలాయన
కళ్ళజోడు నుదుటికి నెట్టి
డబ్బా అడుగునుంచి తీశాడు నల్లటిది.
కాఫీ ఖరీదు కూడా చేయదు.

తిరిగొచ్చేసరికి నది ఎర్రబడింది.
సుబెల్దియా గేటు బయట మాతె తాగుతూ
నా వైపు చూడలేదు.
టార్క్ రెంచి టక్ మంది.
సందులోకి రేకు పెట్టి చూసింది నెలిదా,
దూరలేదు. అప్పుడు సంతకం.

దూరంగా కంట్రోలు గదిలో స్విచ్చి వేశారు.
తెర ముందు అన్నీ ఎనిమిదులు చూపించి
గొంతు సవరించుకున్నట్టు ఆగి
యాభై ఏడు పాయింట్ రెండు అంది.

రాత్రి షిఫ్టు ఫెర్మీన్ వచ్చాడు.
కొత్త తెర మీద మా వేలిముద్రలు చూసి
చొక్కా చేతిని పైకి లాగి తుడవబోయాడు.
నెలిదా అతని మణికట్టు పట్టేసుకుంది,
గట్టిగానే.
"అద్దం కాదది, ప్లాస్టిక్కు.
పొడిగుడ్డ రుద్దితే మెరుపు పుడుతుంది."

తర్వాత బక్కెట్లో గుడ్డ ముంచి పిండి
అతని చేతిలో పెట్టింది.
అతను తుడిచాడు,
పసిపిల్ల మొహం తుడిచినట్టు.
తడి కింద అంకె వంకరపోయి
మళ్ళీ సర్దుకుంది:
యాభై ఏడు పాయింట్ మూడు.