ఎనిమిదో బిళ్ల

మొదలు సోడ మూతలు సాపు జేసిన,
నాపరాయి మీద పెట్టి, నూరుడు గుండుతోని.
ఊపితే పప్పుల రాళ్లేరుతున్న సప్పుడు.
"గిది కంజిరనా, శాటనా?" అన్నడు ముత్తిలింగం.
పౌడరు డబ్బా మూత కత్తిరించిన,
వేలు తెగింది గని గొంతు రాలే.
రూపాయి బిళ్లకు మొల దిగలే.
మా ఉపేంద్ర నవ్వింది,
"సర్కారు పైసకు బొక్క గొడితే జేల్ల ఏస్తరే అమ్మా."

ఇరవై ఏండ్ల కింద
ఈయన చూపుడువేలు ఒక్కటే చాలు,
మేకతోలు మీద నలుగురు మాట్లాడినట్టుండేది.
మర్రిగూడ దిక్కు ఊర్లల్ల ఎముకల సంగతి
కొత్తగ చెప్పేదేముంది.
నీళ్లు తాగినం. పండ్లు పచ్చబడ్డయి.
మెడ బిగిసింది, నడుము బిగిసింది,
ఆఖరికి వేళ్లు.
ఇప్పుడు గ్లాసు ఇస్తే
చెయ్యి గ్లాసును పట్టుకున్నట్టుండదు,
గ్లాసే చెయ్యిని పట్టుకున్నట్టుంటది.
మణికట్టు మాత్రం తిరుగుతది, జర.
తిరిగేది ఒక్కటున్నా భజన ఇడువొద్దని
నేనే అన్న. ఎందుకన్ననో.
అన్నంక మీద పడ్డది.

పాత సామాన్ల సుభాన్ బండిల
మా వాడకట్టు బోరింగు ముక్కలై కనవడ్డది.
హ్యాండిలు, గొలుసు, ఎర్ర రంగు పూసిన తలకాయ.
తాగొద్దని ఆఫీసర్లు పూసిన రంగు,
మేం తాగినంక.
దాని కడుపుల ఇత్తడి గొట్టముంటదని
అన్నేండ్లు కొట్టిన నాకు తెల్వనే తెల్వదు.
ఎన్ని వేల బిందెలు ఎక్కొచ్చినయో,
లోపల అద్దం లెక్క నున్నగుంది.
ఆరు నెలల సంది దాసిన తల ఎంటికలిచ్చి
జానెడు ముక్క కోయించుకున్న.

ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచితే
ఇత్తడి మెత్తబడ్తది, ఇనుముకు ఉల్టా.
సైకిల్ శాపు మట్టయ్య చెప్పిండు.
ముంచింది కృష్ణ నల్లా నీళ్లల్లనే,
సుయ్యుమన్నది.
గుండ్రంగ కోసి, అల్లం రోటి గుంతల పెట్టి
సుత్తెతోని మెల్లగ, మెల్లగ.
సాపుగుంటే పలకదు,
గుంత పడ్డంకనే గొంతొస్తది.
నడుమ మొల బొక్క, సైకిలు పుల్ల ఇరుసు.
బిగిస్తే మూగ. మరీ వదులైతే వాగుడు.
ఎంత వదులుండాలంటే
నా గాజు నా చేతికున్నంత.

ఏడు అయినయి. ఇత్తడి ఒడిసింది.
చట్రానికి నాలుగు సందులు, జతకు రెండు.
ఎనిమిదోది బోరింగు తలకాయ రేకుల కోసిన,
ఇనుపది.
ఎంత గీకినా ఎర్ర రంగు ఒకదిక్కు పోలే.

శనివారం రాత్రి సుభాన్ గూడ వచ్చి
గడప బయట కూసున్నడు, బీడీ ఆర్పి.
ఈయన మణికట్టు తిప్పిండు.
ఏడు ఘల్లుమన్నయి.
ఒకటి టక్ మన్నది.
పోరగాండ్లు మొఖాలు చూసుకున్నరు.
తీసి మారుస్తనని లేచిన.
"ఉండనీ," అన్నడు,
పాట నడుమనే, తాళం తప్పకుండ.

ఇంటికొచ్చి బూడిదతోని తోమినా
చేతుల ఇత్తడి వాసన పోలే.
పాలకు ఉపేంద్రతోనే తోడేయించిన.
లైటు తీసినంక
పక్క మంచంల ఆయన చెయ్యి
నిద్రల గూడ కొద్దికొద్దిగ తిరుగుతున్నది,
మంచం పట్టెకు తగిలి
టక్,
మల్ల కొంచెం సేపటికి,
టక్.