తను

ఈ నెల్లో మూడోసారి కడుపునొప్పి.
బయట దుమ్ము లేచి, ఫహాహీల్లో
మధ్యాహ్నమే లైట్లేసిన క్లినిక్కు.
పోయినసారి తూకం నలభై మూడు. ఇప్పుడు నలభై ఒకటి.
ఇందుజ, పదహారేళ్లు,
సివిల్ ఐడీ మీద నవ్వని ఫొటో.

మొదటిసారి నేనే అడిగినా,
వాళ్లమ్మ ముందరే, నవ్వుతా:
"ఏం పాపా, అబ్బాయెవరన్నా ఉన్నాడా?"
లేదని తలూపింది.
నిజమే చెప్పింది.
డాక్టరు గ్యాసుకు సిరప్పు రాసినాడు.

ఈసారి వాళ్లమ్మను
ఇన్సూరెన్స్ కార్డిచ్చి కౌంటరుకు పంపినా.
లైను పొడుగ్గా ఉంది, మేలు.
బీపీ పట్టీ చుడతా మణికట్టు తిప్పి చూసినా.
గీతల్లేవు.
"నీ ప్రాణానికి ముప్పయితే తప్ప
ఇక్కడి మాట ఈ కర్టెను దాటదు.
అప్పుడు కూడా ముందు నీకే చెప్తా.
మనసులో ఎవరన్నా ఉన్నారా?"

ఉన్నారా.
మన భాషలో ఆ ఒక్క 'రా'లో
ఎవరైనా ఇముడుతారు.

పట్టీ గాలి వదిలేదాకా పలకలేదు.
తర్వాత, నేల మీది టైల్సుతో చెప్పినట్టు,
"తను నాతో మాట్లాడటం లేదు సిస్టర్."
తను.
ఆ మాట చాటున ఎన్నాళ్ల నుంచి నిలబడిందో.
"గురువారం స్కూలు బస్సులో
నా చెయ్యి వదిలేసి ఏడ్చింది."

క్రియ చివర చిన్న 'ది'
గాజుగ్లాసు లెక్క జారింది.
ఇద్దరం ఆ చప్పుడు విన్నాం.
పిల్ల కళ్లు నా మొహంలో
పోలీసును వెతికినాయి, వాళ్ల నాన్నను వెతికినాయి,
కడపకు ఒంటరి టికెట్టును వెతికినాయి.

నర్సింగ్ హాస్టల్లో ప్రభావతి
మాత్రలు మింగిన రాత్రి
మేమంతా కడుపునొప్పనే చెప్పినాం.
రికార్డులో ఇప్పటికీ అదే ఉంటుంది.

"ఎందుకు ఏడ్చింది?" అన్నా.
అదే 'ది'. అంతే.
పిల్ల భుజాలు అరంగుళం దిగినాయి.

"చచ్చిపోవాలనిపిస్తుందా?"
నేరుగానే అడిగినా.
"అప్పుడప్పుడు. ఈరోజు కాదు."
"మాత్రల డబ్బా బీరువాలో పెట్టమంటా అమ్మతో.
ఎందుకో చెప్పను. సరేనా?"
చాలాసేపటికి, సరే.
సిరప్పు అట్టపెట్టె లోపలి వైపు
నా నంబరు రాసిచ్చినా.

కంప్యూటర్లో 'కారణం' గడి ఖాళీగా మెరుస్తోంది.
ఈ దేశంలో కొన్ని మాటలు
రాస్తే మందు కావు, కేసవుతాయి.
నిద్ర లేదు, తూకం తగ్గింది,
వారం వారం రావాలి అని కొట్టినా.

వాళ్లమ్మ వచ్చింది, రసీదు మడుస్తా.
"ఏమన్నా తెలిసిందా సిస్టర్?"
"తను అన్నం తినాలక్కా.
పక్కన కూచోండి. ఏమీ అడగొద్దు."

గురువారం రమ్మన్నా.
మంగళవారమే వచ్చింది, యూనిఫాంలో.
కడుపునొప్పే అంది.
సరేనని
కర్టెను లాగినా.