పార్సెల్ మాత్ర

తలుపుకి అడ్డంగా బట్టలారేసే తాడు కట్టి
దానికో అట్టముక్క వేలాడదీశారు.
కన్నడంలో రాసుంది: పార్సెల్ మాత్ర.
అక్షరాలు మనవిలాగే ఉంటాయి కదా,
కూడబలుక్కుని చదివాను.
మాత్రంటే మనకి బిళ్ళ.
వాళ్ళకి, అదొక్కటే, ఇంకేం లేదు అని.
పూటకెన్ని వేసుకోవాలో రాయలేదు.

బొమ్మనహళ్ళి గార్మెంట్సులో నాలుగో లైను నాది.
కాలరు తిప్పి చూసి పాసో ఫెయిలో చెప్పే పని.
వారమంతా రూములో అన్నం, నీళ్ళ చారు.
ఆదివారం మాత్రం పాకాలోళ్ళ మెస్సు,
నూట పది రూపాయలు,
ఫ్యాను కింద మూడో బల్ల.

అక్కడ ఓబులేసన్న వడ్డించేవాడు.
నా పేరు ఆయనకి తెలీదు.
"పొడి రెండుసార్లు వచ్చింది, నెయ్యి తే"
అని లోపలికి కేకేసేవాడు.
పప్పు గరిటె పైకెత్తి పట్టుకుని, మారు? అనేవాడు.
వద్దనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి.
నేనెప్పుడూ కొంచెం ఆలస్యంగా పెట్టేదాన్ని.
ఆయనెప్పుడూ కొంచెం తొందరగా వంచేవాడు.
ఆ రెంటి మధ్య సందులో పడేది
నా ఆదివారం.

ఇప్పుడు కుర్చీలు బల్లలెక్కి
కాళ్ళు పైకి చాపుకుని పడుకున్నాయి.
రోడ్డు మీద సున్నంతో గుండ్రాలు గీశారు.
నా గుండ్రంలో నేను.
ముందు గుండ్రంలో నాలుగు పార్సెళ్ళ కుర్రాడు.
వెనక గుండ్రంలో కుక్క,
దానికి ఎవరు చెప్పారో, గీత దాటలేదు.

ఓబులేసన్న తాడుకి అవతల ఉన్నాడు.
చేతిలో గరిటె లేదు, రబ్బరు బ్యాండ్ల డబ్బా.
మూతికి గుడ్డ.
నా మూతికీ గుడ్డే, మా లైనులో కుట్టిందే;
కాలర్లు ఆగిపోయి నెలైంది.
"ఎన్ని?" అన్నాడు.
ఏడాదిన్నరలో ఆయన నన్నా మాట అడగలేదు.
"ఒకటి."
గుడ్డ లోపల ఆ మాట నాకే సరిగ్గా వినపళ్ళేదు.

పప్పు ఒక కవరు. రసం ఒక కవరు,
గాలి పట్టి మెలితిప్పి
రంగుచేపని కట్టిచ్చినట్టు కట్టాడు.
పక్కన ఎవరో అన్నం తూకం వేస్తున్నారు.
అన్నాన్ని తూచడం నేనెక్కడా చూడలేదు.
వెనక పోలీసు జీపు ఈల.
చిల్లర ప్లాస్టిక్ మూతలో పెట్టి జరిపాడు,
చెయ్యి తగలకుండా.

పార్సెల్‌లో పట్టనివి కొన్నుంటాయి.
ఎదురు బల్లమీద మునక్కాయ చప్పరించే పెద్దాయన,
ఇరుక్కున్న స్టీలు గ్లాసులు విడిపోయే చప్పుడు,
చెయ్యి కడుక్కొచ్చేలోపు
నా పక్క కుర్చీలో సంచి పెట్టేసే ఆవిడ.
అప్పట్లో ఆవిడంటే ఒళ్ళు మండేది.

రూములో మిగతా ముగ్గురూ ఊళ్ళకి నడిచిపోయారు.
నేల మీద పాత పేపరు పరిచి విప్పాను.
సగం ఆకు, అన్నానికి అతుక్కుని, చెమటతో.
ముడులు గోళ్ళకి లొంగలేదు.
దారాలు తెంపే కత్తెరతో కోస్తే
రసం మోచేతి దాకా పారింది.

లెక్క చూశాను. నా పనే అది కదా.
పప్పు. కూర. చింతకాయ పచ్చడి.
పొడి, కాగితం పొట్లం.
పొడి, ఇంకో కాగితం పొట్లం.
పెరుగు లేదు.

పెరుగనుకుని పొరపాటున వేశాడో
తెలిసే వేశాడో.
ఫ్యాక్టరీలో ఇలాంటిదొస్తే
పక్కన పెట్టి సూపర్‌వైజరుని పిలుస్తాం.
ఇక్కడ పిలవడానికి
గోడ మీది బల్లి ఉంది.

మొదటి పొట్లం మొత్తం కలుపుకుని తినేశాను.
రెండోది విప్పి వంచబోతూ
ఎందుకో,
ఆకు మీద ఎడమచెయ్యి అడ్డం పెట్టాను.
కొంచెం ఆలస్యంగా.